చేతిపనికి వెల – స్నేహానికి లెక్క

“కూటి కొరకు కోటి విద్యలు” అన్నారు మన పెద్దలు. ఆ కోటి విద్యలలో చేతిపని ఒకటి. గుడ్డపై అచ్చు వేయడం, కలంతో అందమైన అక్షరం దిద్దడం, రంగులతో బొమ్మ గీయడం నేర్పే గురువులు మనకున్నారు. కాని ఆ విద్యతో చేసిన వస్తువును నలుగురి ముందు ఉంచి, “దీని వెల ఇంత” అని తలయెత్తి చెప్పడం నేర్పే గురువులు అరుదు. కళాశాలలో మంచి చేతిపని చేయగల విద్యార్థులు ఏటేటా కనబడుతూనే ఉన్నారు. వారిలో అధికులు తాము చేసిన దానిని బంధువులకు కానుకగా ఇస్తారు. లేక అడిగిన వారికి అడిగినంతకే ఇచ్చివేస్తారు. వెల చెప్పడానికి వారికి సిగ్గు. ఆ సిగ్గు మాకూ ఉండేది.

మా పట్టణంలో మూడు రోజుల పాటు ఒక సాహిత్య, సాంస్కృతిక మహాసభ జరిగినది. దానిలో మేము నలుగురు మిత్రులం కలిసి ఒక చిన్న అంగడి పెట్టాము. ఆ మూడు రోజులలో మేము నేర్చుకొన్నది విద్యార్థులకు, కళాశాల పాలకవర్గం వారికి ఉపయోగపడునన్న ఆశతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఇందులో మా గొప్ప కంటె మా పొరపాట్లే ఎక్కువగా కనిపించును. పాఠం చెప్పునది కూడా ఆ పొరపాట్లే.

వెల ఎవరు నిర్ణయించారు?

ముందుగా కొంత చరిత్ర. చేతిపని చేసినవాడే దానికి వెల కట్టుకొనడం మన దేశంలో అంత సులభంగా సాగిన వ్యవహారం కాదు. గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం గొప్ప రేవు. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అక్కడ వర్తక స్థావరాలు ఏర్పరచుకొన్నారు. తూర్పు తీరపు అద్దకపు గుడ్డలు ఓడలలో పారశీక దేశానికి, తూర్పు దీవులకు, ఐరోపాకు వెళ్ళేవి. “కలంకారీ” అన్న మాటయే పారశీకం నుండి వచ్చినది. కలం అనగా లేఖిని, కారీ అనగా పని. ఉర్దూలోను, తెలుగులోను ఆ మాటకు సమానమైన హక్కు ఉన్నది.

ఆ గుడ్డలను అద్దినవారు, నేసినవారు తరచు వర్తకుని వద్ద ముందుగా బయానా పుచ్చుకొని పని చేసేవారు. బయానా ఇచ్చినవాడే వెలను శాసించేవాడు. గుడ్డ సముద్రాలు దాటినా, చేసినవానికి కొన్నవాని ముఖం కనిపించేది కాదు. కొన్నవానికి చేసినవాని కష్టం తెలిసేది కాదు. ఈ ఎడబాటే చేతిపనికి పట్టిన పెద్ద పీడ.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ ఎడబాటును తగ్గించడానికి ప్రయత్నాలు జరిగాయి. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడినది. శ్రీమతి కమలాదేవి చట్టోపాధ్యాయ దానికి నాయకత్వం వహించి, మూలపడిన కళలకు మళ్ళీ అంగడి చూపించారు. సహకార సంఘాలు, ప్రభుత్వ విక్రయశాలలు వచ్చాయి. అయినా చేసినవాడూ కొన్నవాడూ ముఖాముఖిగా నిలిచే చోటు తిరునాళ్ళు, సంత, ప్రదర్శన మాత్రమే.

ఈ విషయంలో హైదరాబాదు నుమాయిష్ మనకు ప్రత్యేకంగా స్మరింపదగినది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో, స్థానికంగా తయారైన వస్తువులను ప్రజలకు చూపించే ఉద్దేశంతో పబ్లిక్ గార్డెన్స్‌లో అది ఆరంభమైనది. 1946లో నాంపల్లి మైదానానికి మారినది. దాని నిర్వాహక సంఘం వచ్చిన ఆదాయాన్ని విద్యాసంస్థలకు వినియోగిస్తున్నది. చదువుకొన్నవారు అంగడిని చిన్నచూపు చూడలేదనడానికి, అంగడి ఆదాయం తిరిగి చదువుకే చేరగలదనడానికి ఇంతకంటె దగ్గరి నిదర్శనం మనకు అక్కరలేదు.

మా అంగడి

ఇక మా సంగతి. మేము నలుగురం. ఒకరు పొరుగు పాఠశాలలో చిత్రలేఖనం బోధించే మిత్రుడు. మరొకరు వాణిజ్యశాస్త్ర ఉపన్యాసకుడు. ఆయన చేతితో చేసే కళ ఏదీ ఎరుగరు, కాని లెక్క ఎరుగుదురు. మూడవ వ్యక్తి మా పూర్వ విద్యార్థిని. చెక్క అచ్చులతో గుడ్డపై అద్దకం వేసి సంచులు కుట్టిస్తుంది. తెలుగు శాఖకు చెందిన మా వంతు అక్షరాలు. ఉర్దూలోను తెలుగులోను శుభాకాంక్షల కార్డులు, ఇంటి ముంగిట తగిలించే పేరు పలకలు వ్రాయడం మాకు చిన్ననాటి నుండి అలవాటు.

సభామందిరపు వరండాలో ఒక మేజ, రెండు కుర్చీలు ఇచ్చారు. మూడు రోజులకు అద్దె 1,200 రూపాయలు. ఆటోలకు 400, కాగితానికి, తేనీటికి 200. వెరసి ఉమ్మడి ఖర్చు 1,800 రూపాయలు. వాణిజ్యశాస్త్ర మిత్రుడు మొదటి రోజు ఉదయమే ఒక నోటుపుస్తకం తెరచి, “ఎవరి వాటా ఎంతో ఇప్పుడే వ్రాసుకొందామా?” అన్నారు. మేము నవ్వి, “హిసాబె దోస్తాఁ దర్ దిల్” అన్న పారశీక సామెతను ఆయనకు అప్పగించాము. స్నేహితుల లెక్క మనసులో ఉంటుందని దాని భావం. ఆయన పుస్తకం మూయలేదు గాని, ఆ పుట ఖాళీగా విడిచిపెట్టారు. ఆ ఖాళీ పుట మూడవ రోజు సాయంత్రం మా ముందు నిలుచునని అప్పుడు మాకు తెలియదు.

మొదటి పాఠం: ముడిసరుకు ఖర్చు వెల కాదు

మా విద్యార్థిని 40 సంచులు తెచ్చినది. ఒక్కొక్కటి 100 రూపాయలని చీటీ పెట్టినది. మధ్యాహ్నం విరామ సమయానికే అంగడి చుట్టూ జనం మూగారు. సాయంత్రానికి 18 సంచులు అమ్ముడుపోయాయి. ఆమె ముఖం వెలిగిపోయినది. మేము కూడా “భేష్! నీ చేతి చలువ మంచిది” అని మెచ్చుకొన్నాము. ఆ మెప్పు తప్పని తెలియడానికి ఒక రాత్రి పట్టినది.

ఆ రాత్రి వాణిజ్యశాస్త్ర మిత్రుడు ఆమెను కొన్ని ప్రశ్నలు అడిగారు.

“గుడ్డకు ఎంతయిందమ్మా?”

“నలభై అయిదు, సార్.”

“రంగులకు, ఉతుకుకు?”

“పదిహేను.”

“కుట్టుకూలి?”

“పాతిక.”

“మొత్తం 85. మరి నీ కూలి ఎంత?”

ఆమె తడబడినది. “నాకేం కూలి సార్? ఇంట్లో కూర్చుని చేసినదే కదా” అన్నది.

ఈ ఒక్క వాక్యం మన ఇళ్ళలో ఎన్ని వేల చేతులను దరిద్రంలో ఉంచినదో విద్యార్థులు ఆలోచించాలి. కుట్టిన వనితకు కూలి ఇచ్చినది. గుడ్డ అమ్మిన వర్తకునికి లాభం ఇచ్చినది. తనకు మాత్రం ఏమీ కట్టుకొనలేదు. గుడ్డను గంజి పోయేటట్లు ఉతికి ఆరవేయడం, అచ్చును వంకర పోకుండా వరుసగా వేయడం, రంగు నిలిచేటట్లు చూడడం – వీటన్నిటికి ఒక్కొక్క సంచికి గంటన్నర పట్టునని ఆమెయే చెప్పినది. అంటే 18 సంచులకు 27 గంటలు. సంచికి 15 చొప్పున మిగిలినది 270 రూపాయలు. గంటకు 10 రూపాయలు! అది కూడా మేజ అద్దెలో ఆమె వాటా తీసివేయక ముందటి మాట.

మిత్రుడు కాగితంపై ఇలా వ్రాశారు. ముడిసరుకు, కుట్టుకూలి కలిసి 85. గంటన్నర శ్రమకు గంటకు 60 చొప్పున 90. అంగడి ఖర్చు కింద 15. వెరసి 190 రూపాయలు.

“అంత పెడితే ఎవరు కొంటారు సార్?” అన్నది ఆమె. “అడగనిదే అమ్మైనా పెట్టదు” అన్న సామెతతో ఆయన జవాబు ముగించారు.

రెండవ రోజు 190 రూపాయల చీటీ పెట్టాము. ప్రక్కన ఒక కాగితంపై ఆ సంచి ఎలా తయారైనదో, ఎన్ని గంటలు పట్టినదో నాలుగు వాక్యాలలో వ్రాశాము. ఒక పెద్దమనిషి సంచిని త్రిప్పి చూచి, “ఇదే సంచి బజారులో అరవైకి దొరుకుతుంది కదమ్మా?” అన్నారు. ఆమె క్షణకాలం తల వంచుకొని, తరువాత మెల్లగా, “అది యంత్రం అచ్చండీ. ఇది నా చేతి అచ్చు. ఇక్కడ చూడండి, ఈ పువ్వు ప్రక్క పువ్వు కంటె కొంచెం ముదురుగా ఉన్నది” అన్నది. ఆయన కొనలేదు. కాని ఆయన వెనుక నిలుచున్న ఉపాధ్యాయిని రెండు కొన్నది.

ఆ రోజు 7 సంచులే పోయాయి. మొదటి రోజు సందడి లేదు. అయినా లెక్క చూడండి: సంచికి 105 చొప్పున 735 రూపాయలు మిగిలినవి. వాటికి పట్టిన శ్రమ పదిన్నర గంటలు. గంటకు 70 రూపాయలు. మొదటి రోజు 18 అమ్మి 270 సంపాదించిన చేయి, రెండవ రోజు 7 అమ్మి 735 సంపాదించినది. జనం మూగడం వేరు, లాభం కలగడం వేరు. ఈ రెంటికీ గల భేదం వాణిజ్యశాస్త్ర గ్రంథాలలో చదివిన దానికంటె ఆ మేజ దగ్గర మాకు స్పష్టంగా తెలిసినది.

రెండవ పాఠం: ఒక చుక్క

రెండవ రోజు ఉదయం మాకు జరిగిన పరాభవం కూడా చెప్పుకొనాలి. వివాహ సందర్భానికి పనికివచ్చునట్లు “దుఆ” అన్న మాటను పెద్ద అక్షరాలలో వ్రాసిన ఒక కార్డును అందరికీ కనబడేటట్లు నిలబెట్టాము. ఒక వృద్ధుడు దానిని చాలాసేపు పరికించి, “మాస్టారూ, ఇది పెండ్లికి ఇచ్చేదా, పగవానికి ఇచ్చేదా?” అని అడిగారు. అర్థం కాక కార్డు చేతిలోకి తీసుకొని చూచాము. సిరా చుక్క ఒకటి చింది “అయిన్” అక్షరం నెత్తిమీద కూర్చున్నది. అయిన్ మీద చుక్క పడితే అది “గైన్” అవుతుంది. “దుఆ” కాస్తా “దగా” అయినది! దీవెన మోసంగా మారడానికి ఒక్క చుక్క చాలినది. ఉర్దూ చదువుకొన్న విద్యార్థులకు ఈ చమత్కారం కొత్త కాదు; కాని మా చేతనే అది జరుగునని మేము అనుకొనలేదు.

తెలుగు కూడా మమ్ములను వదలలేదు. “కళ్యాణమస్తు” అని వ్రాసిన కార్డును చూచి విశ్రాంత తెలుగు పండితులొకరు, “సంస్కృతంలో అది లకారమే కదా, కల్యాణం అనాలి కదా” అన్నారు. వాడుకలో ళకారం ఎంత స్థిరపడినా, తెలుగు ఉపన్యాసకుని చేతిలో అది శోభించదు. రెండు కార్డులనూ తీసివేశాము.

అలంకార లిపి వ్రాసేవారికి చుక్క ప్రాణం. కలం మొనతో పెట్టిన చుక్కయే అక్షరానికి కొలత. అలిఫ్ ఇన్ని చుక్కల ఎత్తు, బే ఇన్ని చుక్కల వెడల్పు అని లెక్క ఉంటుంది. పదవ శతాబ్దంలో బాగ్దాదులో మంత్రిగా ఉన్న ఇబ్న్ ముఖ్లా ఈ కొలతల పద్ధతిని తీర్చిదిద్దినట్లు ప్రసిద్ధి. అటువంటి చుక్కను గురించి తరగతిలో చెప్పగలిగిన మేము, మా కార్డుపై చుక్కను చూడలేకపోయాము. కారణం ఒక్కటే. చేసినవాని కన్ను తన మనసులో ఉన్నదానినే చూస్తుంది, కాగితంపై ఉన్నదానిని చూడదు. కావున చేసిన వస్తువు మేజ మీదికి రాకముందు మిత్రుడు ఒకరు దానిని పరీక్షించాలి. స్నేహితులతో కలిసి అంగడి పెట్టడంలో గల మొదటి లాభం ఇదే.

మూడవ పాఠం: పేరు అరువు తెచ్చుకొనరాదు

మొదటి రోజు మా బల్లపై “కలంకారీ సంచులు, చేర్యాల బొమ్మలు” అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉన్నది. వ్రాసినది మేమే. రెండవ రోజు పెడన ప్రాంతం నుండి వచ్చిన సభ్యులొకరు సంచిని చూచి, “అమ్మాయీ, ఎరుపు దేనితో తీశావు?” అని అడిగారు. మా విద్యార్థిని అబద్ధమాడలేదు. “పొట్లం రంగే అండీ” అన్నది.

ఆయన కోపగించుకొనలేదు. మేజ అంచున కూర్చొని పద్ధతి అంతా వివరించారు. గుడ్డను ముందుగా కరక్కాయ నీటిలో, పాలలో తడపాలి. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో నానవేసి నలుపు తీయాలి. ఎరుపు రావలసిన చోట పటిక అచ్చు వేసి, తరువాత వేరు రంగులో ఉడికించాలి. పూర్వం ఆ ఎరుపునకు చిరువేరు వాడేవారు. మచిలీపట్నం, పెడన ప్రాంతంలో చెక్క అచ్చులతోను, శ్రీకాళహస్తిలో కలంతోను ఈ పని సాగుతుంది. పారే నీటిలో ఉతకడం, ఎండలో ఆరవేయడం, మళ్ళీ ఉతకడం – ఇన్ని మెట్లు ఎక్కిన గుడ్డకే ఆ పేరు చెల్లునని ఆయన భావం.

చట్టం కూడా అదే చెబుతున్నది. 1999లో చేసిన భౌగోళిక సూచికల చట్టం 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చినది. మచిలీపట్నం కలంకారీ, శ్రీకాళహస్తి కలంకారీ, చేర్యాల చిత్రాలు, నిర్మల్ బొమ్మలు, కొండపల్లి బొమ్మలు ఆ చట్టం కింద నమోదైనవి. ఆ పేరు ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసేవారి ఉమ్మడి ఆస్తి. మా చిత్రకార మిత్రుడు ఎరుపు నేలపై చక్కని జానపద రూపాలను గీయగలరు. కాని చేర్యాల నకాషీలు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పూసి, దానిపై పటాలు వ్రాస్తారు. కథలు చెప్పే కులాలవారు ఆ పటాలను విప్పి చూపుతూ ఊరూరా కథ నడిపేవారు. బజారులో కొన్న కాగితంపై గీసిన బొమ్మకు ఆ పేరు పెట్టడం, మరొకరి పొలానికి మన పేర పట్టా వ్రాయించుకొనడం వంటిది.

మధ్యాహ్నానికి బల్లను మార్చి వ్రాశాము. “చేతి అచ్చు సంచులు” అని ఒక వరుస. “చేర్యాల పటాలను చూచి నేర్చుకొని గీసిన బొమ్మలు” అని మరొక వరుస. పేరు తగ్గినది. నష్టం వచ్చునని భయపడ్డాము. ఆ రోజు ఉదయం కంటె మధ్యాహ్నం అమ్మకం పడిపోలేదు. పేరును చూచి వచ్చేవాడు ఒకడు తగ్గితే, నిజం చెప్పినందుకు నిలిచేవాడు ఒకడు కలిశాడు.

నాలుగవ పాఠం: పనిని చూపించడం

చిన్నతనంలో నుమాయిష్‌లో ఒక బిద్రీ పనివాని ముందు మేము గంటసేపు నిలిచిపోయిన జ్ఞాపకం ఉన్నది. యశదంలో కొద్దిగా రాగి కలిపి పోత పోసిన పాత్రపై ఉలితో గీతలు చెక్కి, వాటిలో వెండి తీగను సుత్తితో పొదుగుతున్నాడు. చివరకు బీదరు కోట మట్టిలో నవసాగరం కలిపిన ముద్దను పాత్రకు రుద్దాడు. లోహమంతా కాటుక వలె నల్లబడినది. వెండి మాత్రం వెన్నెల వలె మిగిలినది. అంతవరకు బేరమాడుతున్న ఒక ఆసామి ఆ తరువాత నోరెత్తక డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆ జ్ఞాపకంతో రెండవ రోజు మధ్యాహ్నం నుండి మేము వ్రాసి ఉంచిన కార్డులను వెనుకకు జరిపి, మేజ దగ్గరే కూర్చొని వ్రాయసాగాము. కలం మొన తిరుగుతుంటే పిల్లలు చేరారు. పిల్లల వెనుక తల్లులు చేరారు. ఒకే పేరును ఉర్దూలోను తెలుగులోను ప్రక్కప్రక్కన వ్రాయించుకొనాలని అడిగినవారు చాలామంది. ఒక గృహస్థు తన ఇంటిపేరు తెలుగులోను, తన మిత్రుని పేరు ఉర్దూలోను ఒకే పలకపై వ్రాయించుకొన్నారు. ఇద్దరూ కలిసి కట్టుకొన్న ఇంటికి అది తగిలించాలట. 350 రూపాయల పేరు పలకలు మూడు రోజులలో 8 అమ్ముడయ్యాయి. 50 రూపాయల కార్డులు 62 పోయాయి.

చిత్రకార మిత్రుని చిన్న బొమ్మలు 600 చొప్పున 5 అమ్ముడయ్యాయి. ఆయన తెచ్చిన పెద్ద చిత్రం మాత్రం మూడు రోజులూ గోడకు ఆనుకొని అలాగే నిలిచినది. అయినా దూరం నుండి జనాన్ని మా వైపు పిలిచినది అదే. “అది అమ్ముడుపోలేదు గాని, మిమ్ములను అమ్మిపెట్టినది” అని ఆయన పరిహాసమాడారు. ఆ పరిహాసంలో నిజం ఉన్నది.

అయిదవ పాఠం: ఖాళీ పుట

మూడవ రోజు సాయంత్రం సభ ముగిసినది. సంచులు ఆ రోజు 9 పోగా, మొత్తం 34 అయినవి. మిగిలిన 6 సంచులను ఆమె మూట కట్టుకొన్నది. అన్ని వస్తువుల అమ్మకం కలిపి 13,740 రూపాయలు. కొంత డబ్బు రేకు డబ్బాలో ఉన్నది. అధిక భాగం సెల్‌ఫోను చెల్లింపుల ద్వారా మా పేరిట ఉన్న ఖాతాలో చేరినది. అందరి డబ్బు ఒకరి ఖాతాలో ఉండడం ఎంత ప్రమాదమో అప్పుడు తోచినది. వాణిజ్యశాస్త్ర మిత్రుని పుస్తకంలో ప్రతి అమ్మకం వ్రాసి లేకపోతే, ఎవరిది ఎంతో తేల్చడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

“ఎవరి అమ్మకం వారిది. 1,800 ఖర్చును వస్తువులు పెట్టిన ముగ్గురం సమంగా పంచుకొందాము” అన్నాము. వినడానికి న్యాయంగానే ఉన్నది. చిత్రకార మిత్రుడు సరేనన్నారు. మా విద్యార్థిని మాట్లాడలేదు. వాణిజ్యశాస్త్ర మిత్రుడు ఆ ఖాళీ పుటను త్రిప్పి మా ముందు పెట్టారు. అది ఇప్పుడు ఖాళీగా లేదు. మూడు రోజులలో మేజ దగ్గర ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో ఆయన మాకు చెప్పకుండా వ్రాసి ఉంచారు. రోజుకు 8 గంటలు, ఇద్దరేసి మనుషులు, మొత్తం 48 గంటలు. అందులో మా విద్యార్థిని 22 గంటలు; ఆయన 14; మేము 8; చిత్రకార మిత్రుడు 4.

మేము సిగ్గుపడ్డాము. ఉపన్యాసాలు వినాలని, పాత మిత్రులను పలకరించాలని మేము లేచిపోయినప్పుడెల్లా, “ఇప్పుడే వస్తాము, చూస్తూ ఉండమ్మా” అని ఆమెకు చెప్పి వెళ్ళాము. వయసులో చిన్నది, పైగా శిష్యురాలు; కాదనలేదు. మా కార్డులు, ఆయన బొమ్మలు కూడా ఆమెయే అమ్మిపెట్టినది. రెండవ రోజు సాయంత్రం కవి సమ్మేళనంలో ఆమె చదవవలసిన కవిత ఒకటి ఉన్నదని, మేజ విడిచి వెళ్ళలేక చదవలేదని అప్పుడు తెలిసినది. మేము ఆ సమ్మేళనంలో ముందు వరుసలో కూర్చొని ఉన్నాము.

స్నేహితుల లెక్క మనసులో ఉంటుందన్న సామెత పెద్దవాని నోట ఎంత తీయగా ఉంటుందో, చిన్నవాని మీద అంత బరువుగా పడుతుంది. లెక్క వ్రాయని చోట నష్టపోయేది ఎప్పుడూ అడగలేనివాడే. ఉర్దూలో మరొక సామెత కూడా ఉన్నది: “హిసాబ్ జౌ జౌ, బఖ్షిష్ సౌ సౌ.” లెక్క యవగింజ వరకు చూడాలి, కానుక నూర్లలో ఇవ్వాలి అని దాని తాత్పర్యం. మన తెలుగువారు ఇంకా సూటిగా చెప్పారు: “తల్లీ బిడ్డా ఒక్కటైనా నోరూ కడుపూ వేరు.” మేము మొదటి సామెతను జ్ఞాపకం ఉంచుకొని మిగిలిన రెంటినీ మరచాము.

అప్పుడు లెక్క తిరిగి వేశాము. మేజ దగ్గర కూర్చున్న గంటకు 40 రూపాయల చొప్పున 48 గంటలకు 1,920. దానికి 1,800 ఖర్చు కలిపితే 3,720. ఈ మొత్తాన్ని ముగ్గురి అమ్మకాలపై వాటాల ప్రకారం పంచాము. అమ్మకంలో ప్రతి నూటికి 27 రూపాయలు అంగడికే పోయినదన్నమాట. సంచికి 15 చాలునని రాత్రి కాగితంపై వ్రాసిన మిత్రుడు కూడా ఇక్కడ నాలుక కరచుకొన్నారు. అమ్మడం కూడా పనియేనన్న మాట ఆయనకూ అప్పుడే తట్టినది.

పాత పద్ధతిలో అయితే, గుడ్డ ఖర్చులు పోను మా విద్యార్థినికి మిగిలేది 1,350 రూపాయలు. కొత్త లెక్కన 1,520 వచ్చినది. తేడా 170 మాత్రమే. మా వాటా తగ్గినది, తగ్గవలసినదే. కాని ఆ 170 రూపాయలను తీసుకొనడానికి ఆమె ఒప్పుకొనలేదు. “మీ దగ్గర గంటల కూలి తీసుకొంటానా సార్?” అన్నది. వాణిజ్యశాస్త్ర మిత్రుడు తనకు రావలసిన 560 రూపాయలు వద్దని అంతకు ముందే అన్నారు. ఇప్పుడు ఆయన ఏమీ మాట్లాడక చేయి చాపి, తన 560 లెక్కపెట్టి తీసుకొని, జేబులో వేసుకొన్నారు. “నేను తీసుకొన్నాను కదమ్మా. ఇక నీవు తీసుకో” అన్నారు. ఆమె తీసుకొన్నది. ఉదారత అంటే ఇచ్చుట మాత్రమే కాదు. మరొకరు సిగ్గుపడకుండా తీసుకొనేందుకు తాను ముందుగా చేయి చాచుట కూడా ఉదారతయేనని ఆ సాయంత్రం మాకు బోధపడినది.

విద్యార్థులకు, పాలకవర్గానికి

ఈ అనుభవం నుండి విద్యార్థులు గ్రహించవలసినవి కొన్ని కలవు. వెల కట్టేటప్పుడు ముడిసరుకు, ఇతరులకిచ్చిన కూలి, తన శ్రమ, అంగడి ఖర్చు, అమ్మే సమయం – ఈ అయిదింటినీ విడివిడిగా వ్రాసుకొనాలి. తన శ్రమ దగ్గర సున్న వేయరాదు. మేజ మీద పెట్టే ముందు వస్తువును మిత్రునికి చూపించాలి. మరొక ప్రాంతపు కళకు చెందిన పేరును తన వస్తువుకు తగిలించరాదు. నేర్చుకొన్న చోటు చెప్పడం గౌరవమే. వీలైనంతవరకు కొనేవారి ఎదుట పని చేసి చూపించాలి. కలిసి పెట్టే అంగడికి ఒక పుస్తకం ఉండాలి. మొదటి రోజు ఉదయమే దానిలో వాటాలు, గంటలు, డబ్బు ఎవరి వద్ద ఉండునన్నది వ్రాసి, అందరూ సంతకం చేయాలి. వయసులో చిన్నవానిని ముందుగా మాట్లాడనివ్వాలి. పెద్దవారు మాట్లాడిన తరువాత అతడు మాట్లాడడు.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. వార్షికోత్సవం నాడు వరండాలో నాలుగు మేజలు వేయించి, మన విద్యార్థుల చేతిపనుల విక్రయానికి అవకాశం కల్పింపవలెనని కోరుతున్నాము. ఉర్దూ వ్రాసేవారు, తెలుగు వ్రాసేవారు, కుట్టేవారు, గీసేవారు ఒకే మేజ దగ్గర కూర్చోవాలి. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు పుస్తకం వ్రాయాలి. అది వారికి పాఠమవుతుంది. తరగతి గదిలో మనం భాషను బోధిస్తున్నాము, గణితాన్ని బోధిస్తున్నాము. తన చేతి కష్టానికి తానే వెల చెప్పగల ధైర్యాన్ని బోధించడానికి ఆ నాలుగు మేజలు చాలు.

మా విద్యార్థిని వచ్చే ఏడు కూడా సంచులు తెస్తానన్నది. ఈసారి మేజ దగ్గర కూర్చునే గంటలు ముందుగానే వ్రాసుకొన్నాము. కవి సమ్మేళనం జరిగే సాయంత్రం ఎదురుగా మా పేరు వ్రాసి ఉన్నది. ఆ సమయంలో సంచులు అమ్మేది మేము.